అంగడివాని పూచీ

మన స్త్రీలు అంగడిలో వంకాయను వేలితో నొక్కిచూతురు. బెండకాయ తుద విఱిచిచూతురు. కొబ్బరికాయను చెవియొద్ద ఆడించి నీటిచప్పుడు విందురు. బియ్యమును అరచేత పోసికొని నూక యెంత, రాయి యెంత యని కదపిచూతురు. పురుషులు కూరలు కొనునప్పుడు ఈ పరీక్షలలో సగము మఱచిపోవుదురు గాని, అది వేఱు సంగతి. ఇంతటి పరీక్ష యెఱిగిన జాతి మనది. అయినను, ఆ సరకును చుట్టియిచ్చిన కాగితమును గాని, పోసియిచ్చిన డబ్బాను గాని ఒక్కరైన తిప్పిచూడగా మేమింతవఱకు కనుగొనలేదు. కాగితము సరకు కాదు. తూకములో పడినచో దానిని గుఱించి కొంచెము తగాదా. పడకున్న ఆ తగాదాయు లేదు. ఇంటికి వచ్చినతోడనే చింపి పాఱవేయవలసినదానిని గుఱించి విచారమెందుకని మన తలంపు.

ఆ పాఱవేయు కాగితమును గుఱించియే మా చదువరులతో ఈ నెల కొంత ముచ్చటింప దలచితిమి. ఈ విషయమున మాకు శ్రద్ధ కలిగించినది మా యన్నగారి కుమార్తె. ఆమె అమెరికాలో కాపురమున్నది. క్రిందటి వేసవిలో పిల్లలతో వచ్చినప్పుడు, మైక్రోవేవ్ పొయ్యిలో పెట్టిన రెండు నిమిషములలో పేలాలుగా మాఱు మొక్కజొన్నల సంచి నొకదానిని ఎవరో పిల్లలకు తెచ్చియిచ్చిరి. ఆమె దానిని పిల్లల చేతినుండి తీసికొని, గింజలను మూకుడులో పోసి వేయించి పెట్టినది. సంచిని చెత్తబుట్టలో వేసినది. "అదేమమ్మా, సంచిలోనే వేగును గదా?" యని మేమడిగితిమి. "బాబాయిగారూ, గింజలకేం దోషం లేదండీ. అనుమానమంతా సంచిమీదే" అని ఆమె బదులు చెప్పినది. గింజను నమ్మి సంచిని శంకించుట మాకు వింతగా తోచినది. తరువాత ఆ విషయమును గుఱించి దొరికినదెల్ల చదివితిమి. చదివినకొలది వింత తగ్గినది, శంక మిగిలినది.

కాగితమునకు నూనె పట్టుట సహజము. మిరపకాయబజ్జీల పొట్లము విప్పకముందే లోని సంగతి పైకి తెలియుట కిదియే కారణము. నూనె పైకి రాని కాగితము కావలెనన్నచో రెండు మార్గములు కలవు. గుజ్జును మిక్కిలి మెత్తగా నలగగొట్టి, నారలనడుమ సందు లేకుండ నొత్తి చేయుట యొక మార్గము. అది పూర్వపు పద్ధతి. శ్రమయు కాలమును ఎక్కువ పట్టును. సాధారణపు కాగితమునకే నూనెను నీటిని దాపునకు రానీయని పూతను పట్టించుట రెండవ మార్గము. ఆ పూతలలో వాడుచు వచ్చిన ద్రవ్యములకు మొత్తముమీద పీఫాస్ అని పేరు. కర్బనమును, ఫ్లోరిన్ అను మూలద్రవ్యమును గట్టిగా ముడివేసినచో కలుగు పదార్థములివి. వేలకొలది రకములు కలవు.

ఆ ముడి గట్టితనమే వాని గుణము, వాని దోషమును. 1938 వ సంవత్సరము ఏప్రిల్ 6 వ తేదీని డ్యూపాంట్ కంపెనీలో పనిచేయు రాయ్ ప్లంకెట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక వాయువును నింపిన సిలిండరు మూత తెఱవగా లోనుండి ఏమియు రాలేదు. తూచిచూడగా బరువు తగ్గలేదు. ఆయన దానిని రంపముతో కోయించి చూడగా లోపల తెల్లని పొడి యుండెను. దేనికిని అంటనిది, దేనికిని కరగనిది, ఆమ్లములకు లొంగనిది. అదియే టెఫ్లాన్. దోసె యంటుకొనని పెనములు మన యిండ్లకు వచ్చుటకు మూలము ఆనాటి ఆ సిలిండరే. తరువాత ఆ కుటుంబమునకు చెందిన పదార్థములు బట్టలకు, తివాసీలకు, మంటలార్పు నురుగులకు, కాగితములకు వ్యాపించినవి. వేడికి చెడదు, నీటికి నానదు, నూనెకు లొంగదు అన్నచో వర్తకునకు అంతకంటె కావలసినదేమి?

కాని ప్రకృతిలో ప్రతి పదార్థమును కుళ్లబెట్టి మన్నులో కలుపుటకు వేఱువేఱు సూక్ష్మజీవులు కాచుకొనియుండగా, ఈ ముడిని విప్పుట వానికి చేతకాదు. అందుచేతనే పాశ్చాత్యులు వీనిని చావులేని రసాయనములని పిలుచుచున్నారు. మన పురాణములలో చావులేని వరము పొందినవారందఱు ఏమి చేసిరో పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. నీటిలో చేరినచో నీటిలోనే యుండును. రక్తములో చేరినచో సగము తఱుగుటకే, కొన్ని రకములకు, ఏండ్లు పట్టును.

వీని హాని లోకమునకు తెలిసినది కాగితములవలన కాదు, ఒక ఫ్యాక్టరీ వలన. అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున, ఒహైయో నదియొడ్డున, పార్కర్స్‌బర్గ్ అను పట్టణముదగ్గఱ డ్యూపాంట్ వారి ఫ్యాక్టరీ యుండెను. టెఫ్లాన్ చేయుటలో వాడిన పీఫోవా అను పదార్థము అచ్చటి నీటిలో చేరినది. విల్బర్ టెన్నంట్ అను రైతు తన ఆవులు వరుసగా చచ్చిపోవుట చూచి, వాని రూపములను చలనచిత్రముగా తీసి, వినువారు కానరాక, కడకు రాబర్ట్ బిలాట్ అను వకీలు నాశ్రయించెను. 1999 లో దావా వేసిరి. ఆ వ్యవహారమునుండి పుట్టిన మఱొక దావా రాజీ ఫలితముగా దాదాపు 69,000 మంది ప్రజలు తమ రక్తమును పరీక్షకిచ్చిరి. ఇంతమంది రక్తము పరీక్షించి శాస్త్రజ్ఞులు తేల్చినదేమనగా, మూత్రపిండముల పుట్టకురుపు, వృషణముల పుట్టకురుపు, కంఠగ్రంథి వ్యాధి, పెద్దప్రేగు పుండు, రక్తమున క్రొవ్వు హెచ్చుట, గర్భిణుల రక్తపుపోటు అను ఆఱింటితో ఆ పదార్థమునకు సంబంధము ఉండుట సంభావ్యమని. 2023 లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధక సంస్థ పీఫోవాను మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముల వరుసలో చేర్చినది.

ఇచ్చట న్యాయముగా ఒకమాట చెప్పవలెను. ఫ్యాక్టరీప్రక్కన నీరు త్రాగినవాని గతియు, సంచిలో వేగిన పేలాలు తిన్నవాని గతియు ఒక్కటి కాదు. సంచినుండి వచ్చునది స్వల్పము. కాగితపు పూతలలో పీఫోవా స్థానమున కురుచరకములు కొన్ని తరువాత వచ్చినవి. చదువరులను బెదరించుట మా యభిమతము కాదు. కాని స్వల్పమన్నమాట, తిన్నది తిన్నట్లే పోవు పదార్థములకు చెల్లును. పోక నిలుచుదానికి చెల్లదు. చినుకుచినుకు చేరియే చెఱువు నిండును గదా. అమెరికాలో 2003 మొదలు 2014 వఱకు పదివేలమందికి పైగా ప్రజలనుండి సేకరించిన రక్తపరీక్షలను, వారి తిండి వివరములను కలిపిచూచి 2019 లో ప్రకటించిన పరిశోధనలో, మైక్రోవేవ్ పేలాలు తఱచు తినువారి రక్తమున ఈ పదార్థములు కొన్ని హెచ్చుగా కనబడినవి.

కొనువాడేమి చేయవలెను? సంచిపైన పిండిపదార్థమెంత, ఉప్పెంత, క్రొవ్వెంత యని అచ్చొత్తబడియుండును. సంచిలో ఏమున్నదో సంచి చెప్పదు. 2017 లో అమెరికా పరిశోధకులు 27 ఫలహారశాలల వ్యవస్థలనుండి దాదాపు 400 కాగితములను, అట్టపెట్టెలను, పాత్రలను తెచ్చి పరీక్షింపగా, చుట్టుకాగితములలో నూటికి 46 వంతులు, అట్టలలో నూటికి 20 వంతులు ఫ్లోరిన్ కలిగియుండెను. అనగా సగమునకు పైగా కాగితములలో అది లేదు. లేకయే పని జరుగుచున్నదన్నమాట. ఆ రెండు తెగల కాగితములను ఒకదానిప్రక్క నొకటి పెట్టి మా యెదుట ఉంచినను, ఏది యేదియో మేము చెప్పజాలము. మా చదువరులు చెప్పజాలరు. అమ్మువాడును చెప్పజాలడు. గుజ్జు చేసినవాడొకడు, కాగితము చేసినవాడొకడు, పూత పూసినవాడొకడు, అచ్చొత్తినవాడొకడు, సంచి కుట్టినవాడొకడు, టోకున అమ్మినవాడొకడు. వీరందఱి చేతులు దాటి అంగడికి వచ్చును. ప్రతివాడును తన ముందువానిని చూపి తాను తప్పుకొనవచ్చును.

అయినను ఈ బారులో ఒకచోట ఇఱుకు కలదు. అదియే అంగడి. వెనుక తయారీదారులు వేలు, ముందు కొనువారు లక్షలు. నడుమ పెద్ద అంగళ్లవారు కొద్దిమంది. ఆ కొద్దిమంది "ఇది మా అఱలమీద పెట్టము" అన్నచో వెనుకనున్న వేలమంది దారి మార్చుకొనవలసినదే. ఇంత బలము తమ చేతిలో నున్నదని అంగడివారికి చిరకాలము తెలియలేదో, తెలిసియు తెలియనట్లుండిరో మేము చెప్పలేము. అది తెలిసి వాడిన అంగడివాని కథ నొకదానిని చెప్పెదము.

డెన్మార్కు దేశము చిన్నది. అచ్చటి పెద్ద అంగళ్ల వ్యవస్థలలో నొకదానికి కోప్ అని పేరు. అది ఏ సేఠుదియు కాదు. సరకులు కొనువారే సభ్యులై యజమానులుగానున్న సహకార సంస్థ. 1866 లో థిస్టెడ్ అను ఊరిలో హన్స్ క్రిస్టియన్ సోన్నె అను మతగురువు బీదకూలీలకొఱకు పెట్టించిన సహకారపు అంగడి ఆ దేశమున అట్టివానికి మొదటిది. ఈ కోప్ వారు 2014 లో తమ సొంతపేరుతో అమ్ము సరకుల పొట్లములనుండి ఫ్లోరిన్ పూతలను తీసివేయ నిశ్చయించిరి. తక్కిన సరకులకు మాఱుకాగితము దొరికినది. పేలాల సంచికి దొరకలేదు. ఆ పొయ్యిలోని వేడికి నూనె మఱగి ఉబికి వచ్చును గనుక, పూత లేక నిలుచు సంచి లేదని సరఫరాదారులు చెప్పిరి. అంతట కోప్ వారు చేసినపని మాకు మిక్కిలి నచ్చినది. తమ పేరిటి పేలాలను మాత్రమే కాక, ఎవరి పేరిటివైనను సరే, మైక్రోవేవ్ పేలాలన్నిటిని 2015 లో తమ అంగళ్లనుండి తీసివేసిరి. అఱ ఖాళీ.

ఖాళీ అఱ యన నేమియో వర్తకునకే తెలియును. కొనువాడు పేలాలకై వచ్చి, అవి లేకున్న ఎదుటి అంగడికి పోవును. పోయినవాడు పేలాలతో ఆగడు, పాలును రొట్టెయు అచ్చటనే కొనును. ఈ నష్టమునకు సిద్ధపడి కొన్ని నెలలు అఱను ఖాళీగా నుంచిరి. పిమ్మట స్పెయిన్ దేశపు తయారీదారు ఒకరు, మేము పైన చెప్పిన పూర్వపు పద్ధతిలోనే, నారలనడుమ సందు లేకుండ నొత్తిన గట్టి కాగితముతో సంచి చేసి పంపిరి. నూనె బయటికి రాలేదు. పూత లేదు. సాధ్యము కాదన్నది కొన్ని నెలలలో సాధ్యమైనది. అయిదేండ్లకు, 2020 జులై 1 వ తేదీ మొదలు, కాగితపు, అట్టల ఆహారపు పొట్లములలో ఈ ద్రవ్యములను డెన్మార్కు ప్రభుత్వము చట్టముచేత నిషేధించినది. వేఱు దారి లేదను వాదము అప్పటికే అంగడి అఱమీద చచ్చిపడియుండుటచేత ప్రభుత్వమునకు పని సులువైనది.

అంగడి ముందు, చట్టము వెనుక. ఇది క్రొత్త సంగతి కాదు. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణపు నేతపనివారు 1844 లో తలకొక పౌను కూడబెట్టి చిన్న అంగడి పెట్టికొనినప్పుడు వారమ్మినవి వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్లపిండి, క్రొవ్వొత్తులు. ఆ కాలపు అంగళ్లలో రొట్టెపిండిలో పటిక కలియుచుండెను. మిఠాయిలకు సీసపు రంగు పడుచుండెను. కల్తీలేని సరకును సరియైన తూకముతో ఇత్తుమనుటయే ఆ పేదల అంగడి పెట్టుబడి. కల్తీని నిషేధించు మొదటి సాధారణ చట్టము ఆ దేశమున వచ్చినది 1860 లో. మన దేశమున సహకారమనగా అప్పులిచ్చు సంఘమో, ఎఱువులమ్ము గిడ్డంగియో యని మాత్రమే తలచువారికి ఈ చరిత్ర ఉపయోగించునని వ్రాసితిమి.

ఇక లాభమే ధర్మముగాగల అమెరికా అంగళ్ల సంగతి చూతము. అచ్చట కథ మొదలైనది పాలసీసాలతో. గట్టి ప్లాస్టిక్ సీసాలలో బిస్ఫినాల్-ఏ అను పదార్థముండెడిది. అది స్త్రీల అంతఃస్రావములను పోలి నటించి శరీరమును మోసపుచ్చునదని శాస్త్రజ్ఞులు చెప్పుచుండిరి. 2008 ఏప్రిల్‌లో కెనడా ప్రభుత్వము దానిని పసిబిడ్డల సీసాలనుండి తొలగింప నుద్దేశించినట్లు తెలిసిన ఆ దినములలోనే వాల్‌మార్ట్ అను మహావిపణివారు కెనడాలో అట్టి సీసాలమ్ముట మానివేసిరి. అమెరికాలోను త్వరలో మానెదమనిరి. తల్లులు చదువుకొనినవారు, ప్రశ్నించుచుండిరి. తయారీదారులు వెంటనే వేఱు ప్లాస్టిక్‌నకు మాఱిరి. అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ శాఖ ఆ సీసాలను నిషేధించినది 2012 జులైలో. అందుకు వారు చెప్పిన కారణమేమనగా, తయారీదారులు ఎట్లును మానివేసినారు గనుక! దొంగ ఊరు విడిచిన తరువాత తలారి నిద్రలేచి తలుపు వేసినట్లున్నది.

2013 లో అచ్చటి ప్రజాసంఘములు కొన్ని కలసి పెద్ద అంగళ్లను మేలుకొలుపుటకు ఒక ఉద్యమమును పూనిరి. 2016 మొదలు బడిపిల్లలకువలె అంగళ్లకు మార్కులు వేసి ప్రకటించిరి. కోట్ల డాలర్ల వ్యాపారమునకు అధిపతియైనవాడు, ఎదుటి అంగడివానికి మంచి మార్కులు వచ్చి తనకు సున్న వచ్చినదని సిగ్గుపడుట చూడ ముచ్చటగా నుండును. వాల్‌మార్ట్ వారు 2013 లోనే దాదాపు పది రసాయనములను తమ సరకులనుండి తగ్గింతుమని ప్రకటించియుండిరి. వాని పేర్లు మాత్రము 2016 వఱకు బయట పెట్టలేదు. ఫార్మాల్డిహైడ్, ట్రైక్లోసాన్ మొదలగునవి ఆ జాబితాలోనివి. 2021 జనవరిలో మెక్‌డొనాల్డ్స్ వారు 2025 నాటికి తమ పొట్లములన్నిటినుండి ఫ్లోరిన్ ద్రవ్యములను తీసివేయుదుమని వాగ్దానము చేసిరి. పాతరకము దీర్ఘ ద్రవ్యములు మూడింటిని 2016 లో నిషేధించిన ఆహార ఔషధ శాఖవారు, నూనె పట్టనీయని ఈ పూతలను తయారీదారులు ఇక ఆ దేశమున ఆహారపు పొట్లములకై అమ్ముటలేదని 2024 ఫిబ్రవరిలో ప్రకటించిరి.

వీరు ధర్మబుద్ధిచేత చేసిరా, భయముచేత చేసిరా యని మా మిత్రుడొకడు మమ్ము నిలదీసెను. భయముచేతనే యని మా యభిప్రాయము. దావాలకు భయము, పత్రికలకు భయము, తల్లులకు భయము. అందువలన కొఱత యేమి? భయపడి మానిన విషము, భక్తితో మానిన విషమువలెనే బిడ్డ కడుపులో పడదు. వర్తకుని యంతరాత్మను శోధించు పని భగవంతునికి విడిచి, అతని అఱలను శోధించు పని మనము చేయుట మేలు.

కాని అఱలను శోధించుటలో ఒక చిక్కు కలదు. ఒకదానిని తీసివేసి, దాని తమ్ముని తెచ్చి పెట్టుట వర్తకలోకమున సులభము. బిస్ఫినాల్-ఏ లేదని గొప్పగా అచ్చొత్తిన రసీదుకాగితములలోను, డబ్బాలలోను అనేకములలో బిస్ఫినాల్-ఎస్ అను దాని దగ్గఱిచుట్టము వచ్చి కూర్చుండెను. చుట్టమునకును అన్న బుద్ధులే యున్నవని పరిశోధకులు చెప్పుచున్నారు. ఐరోపా ఆహారభద్రతాసంస్థ 2023 లో బిస్ఫినాల్-ఏ విషయమున దినమునకు శరీరము తాళగల మోతాదును పూర్వము తాము చెప్పినదానిలో ఇరువదివేలవ వంతునకు తగ్గించినది. 2024 డిసెంబరులో ఐరోపా సంఘము ఆహారము తాకు వస్తువులలో దానిని నిషేధించినది. ఒక్కొక్క ద్రవ్యమునకే ఇంత కాలము పట్టినచో, తమ్ముల నందఱిని వరుసగా విచారించుటకు మన మనుమల తరము చాలదు. కనుక పేరుపేరున కాక వంశమునకు వంశమునే నిషేధింపవలెనను డెన్మార్కు వారి పద్ధతి మాకు సరిగా తోచుచున్నది.

ఇంకొక చిక్కు మఱింత విచారకరమైనది. హోల్ ఫుడ్స్ అను అంగళ్లు అమెరికాలో శుచికి, ప్రకృతిసిద్ధమైన తిండికి పేరు పడినవి. 2018 డిసెంబరులో ప్రజాసంఘములు పెద్ద అంగళ్ల పాత్రలను పరీక్షించి ప్రకటించినప్పుడు, ఈ హోల్ ఫుడ్స్ వారు కూరముక్కలకై పెట్టిన పాత్రలలో ఫ్లోరిన్ హెచ్చుగా కనబడెను. ఆ పాత్రలు ప్లాస్టిక్‌వి కావు. మన్నులో కలిసిపోవును, ఎఱువగును అని భూమాత పేరు చెప్పి తెచ్చిన నారపాత్రలు. నార తడికి మెత్తబడకుండుటకు పూసినదే ఆ చావులేని ద్రవ్యము. ఎఱువులో కలిసినచో నార కుళ్లును, అది కుళ్లదు, పొలములో చేరును. కంపెనీవారు వెంటనే ఆ పాత్రలను తీసివేసిరి. 2020 జనవరి నుండి, ఎఱువుగా మాఱు వస్తువులకు ముద్ర వేయు అమెరికా సంస్థవారును ఫ్లోరిన్ మితిమీఱియున్నవానికి ముద్ర నిరాకరించిరి.

ఈ నారపాత్రల కథ మనకు దూరపుకథ కాదు. చెఱకుపిప్పితో ఒత్తిన పళ్లెములు హైదరాబాదు, విజయవాడ పెండ్లిళ్లలో నేడు విరివిగా కనబడుచున్నవి. ప్లాస్టిక్ కంటె అవి మేలనుట నిజము. ఒకసారి వాడి పాఱవేయు ప్లాస్టిక్ వస్తువులు కొన్ని 2022 జులై 1 నుండి మన దేశమున నిషిద్ధములైన పిమ్మట వాని వాడుక మఱింత హెచ్చినది. ఆ పళ్లెములలో దోషమున్నదని మేము నిందవేయుటలేదు. సాంబారు పోసినను గంటసేపు నానని పిప్పి యేల నానకున్నదని అడుగుట మాత్రము మన హక్కని చెప్పుచున్నాము. ఒక వివాహమున వడ్డనదారుని ఈ ప్రశ్న యడిగితిమి. "క్వాలిటీ అండీ" అని యాతడు సెలవిచ్చెను.

మనకు పూర్వము విస్తరి యుండెడిది. విశాఖ మన్యమునుండి అడ్డాకు, తెలంగాణలో మోదుగాకు. ఈనెపుల్లతో కుట్టి, నీళ్లు చిలకరించి వేసిన ఆకులో అన్నము తిని, ఆకును పశువులకో పెంటకుప్పకో వేసెడివారము. ఇది తలచుకొని కన్నీరు కార్చుట పత్రికలలో నొక యాచారమైనది. మేము కార్చము. అంగడిలో నేడు దొరకు ఆకుపళ్లెములలో చాలవానిని తిప్పి గోటితో గీఱిచూడుడు. ఆకుక్రింద అట్టయు, ఆకుమీదనో నడుమనో పలుచని ప్లాస్టిక్ పొరయు కనబడును. ఆకుపేరు మిగిలినది. టీకొట్టు కాగితపు కప్పు సంగతియు నిట్టిదే. దాని లోపలనున్నది కాగితము కాదు, పలుచని ప్లాస్టిక్ పొర. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020 లో పరీక్షించి, 100 మిల్లీలీటర్ల వేడిపానీయమును అట్టి కప్పులో పావుగంట యుంచినచో దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులో చేరునని తెలిపిరి.

వార్తాపత్రికలో ఫలహారము చుట్టుట మన దేశమున అన్నిటికంటె పాతరోగము. అచ్చుసిరాలోని రంగులు వేడినూనెకు కరగి తిండిలోనికి దిగును. మన ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ 2016 డిసెంబరులోనే దీనిని గుఱించి హెచ్చరించినది; 2018 నాటి పొట్లముల నిబంధనలు, 2019 జులై 1 నుండి అమలులోనికి వచ్చినవి, వార్తాపత్రికలో ఆహారము నుంచరాదు, చుట్టరాదు అని స్పష్టముగా చెప్పుచున్నవి. అయినను మా వీథి చివర బజ్జీలమ్ము ముసలమ్మ నిన్నటి పత్రికలోనే చుట్టుచున్నది. పత్రికలలో వ్రాయు మాకు ఆ దృశ్యము రెండు విధముల బాధాకరము. ఒకనాడు మెల్లగా ఆమెతో, "అమ్మా, పేపరులో కట్టకూడదట. సర్కారు వద్దన్నది" అంటిమి. ఆమె బాణలిలోనుండి చూపు తీయకయే, "తెల్లకాగితం కొనాలంటే పొట్లానికి రూపాయి పెంచాలి బాబూ. మీరు ఇస్తారు. ఆ ఆటోవాళ్లు ఇస్తారా?" అని యడిగినది. మా యొద్ద జవాబు లేకపోయినది.

అంగడివాడు పూచీపడవలెనని వాదించువారు ఈ ముసలమ్మను మఱవరాదు. ఆమెయు అంగడిదే. కాని కోప్ వారికిని వాల్‌మార్ట్ వారికిని గల బలములో కోటియవ వంతు ఆమెకు లేదు. ఆమెకు జరిమానా విధించుట సులభము. తెల్లకాగితమును పాతపత్రిక ధరకు దొరకునట్లు చేయుట కష్టము. మన అధికారులు సాధారణముగా సులభమైనదానినే చేయుదురు. అమెరికాలో సయితము మార్కులకు సిగ్గుపడినవారు పెద్ద అంగళ్లవారు. బీదలకు చవుకసరకు అమ్ము అంగళ్ల అఱలు చాలకాలము మాఱలేదు. విషము పెద్దయింటినుండి వెడలి చిన్నయింట చేరుట సంస్కరణమనబడదు. ఆ పని చట్టమే చేయవలెను, బలముగల అంగడివాడు మొదట చేసిచూపినయెడల.

మన నగరములలో బలముగల అంగళ్లు నేడు లేకపోలేదు. మూడేసి అంతస్తులు, చల్లనిగాలి, నూఱేసి శాఖలు. వారు సరఫరాదారుని ధర తగ్గింపుమని అడుగుటకు జంకరు. గడువు మార్పుమని అడుగుటకు జంకరు. నీ కాగితములో ఏమున్నదో వ్రాసి యిమ్మని అడిగినచో ఏ సరఫరాదారుడు కాదనును? అడుగుటకు వారికి తీఱిక లేదో, అడిగినట్లు మనము వారిని అడుగలేదో.

మేము మాత్రము మా కిరాణా కొట్టు సెట్టిగారిని అడిగితిమి. ఆయన చిన్నవర్తకుడు; ముప్పదియేండ్లుగా మాకు సరకులిచ్చుచున్నాడు. తినుబండారములకు ఆయన వాడు మెఱుగుకాగితపు సంచులను చూపి, "సెట్టిగారూ, వీనికి లోపల పూత ఏదో మీరెఱుగుదురా?" అంటిమి. "పంతులుగారూ, నేను వాటిని కిలోల్లెక్కన కొంటాను. ఎవరు చేశారో, ఏం పూశారో నాకేం తెలుసు?" అని ఆయన నవ్వెను. డెన్మార్కు వారి కథ చెప్పితిమి. పేలాల అఱను కొన్ని నెలలు ఖాళీగా నుంచిరన్నప్పుడు నవ్వు మానెను. "ఊరికే ఖాళీగానా?" అని రెండుమాఱులు అడిగెను. ఐరోపాలో 2026 ఆగస్టు 12 నుండి ఈ ఫ్లోరిన్ ద్రవ్యములు మితిమీఱిన ఆహారపు పొట్లములను అమ్మరాదని శాసనమున్నదనియు, మన దేశమునుండి అచ్చటికి పళ్లెములు, కప్పులు ఎగుమతిచేయువారు తమ సరకును ఆ మితికి లోబఱుపక తప్పదనియు చెప్పితిమి.

సెట్టిగారు కొంతసేపు లెక్కపుస్తకము వంక చూచి, "అయితే వాళ్లకి ఒక రకం, మనకి ఒక రకం చేస్తారా అండీ?" అనెను.

తెలియదంటిమి. పదిదినముల తరువాత ఉప్పుకై పోగా ఆయన తానే మాట యెత్తెను. టోకువర్తకునికి ఫోను చేసి అడిగెనట. ఆ వర్తకుడు సంచులు చేయువారిని కనుగొని చెప్పెదననెనట. "ఇరవైయేళ్లుగా ఈ సరుకు అమ్ముతున్నాను, ఇందులో ఏముందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదండీ అన్నాడు" అని సెట్టిగారు ఉప్పు పొట్లము మా చేతి కిచ్చెను.